రెండో నెల చీటీ

మనసు బాగోలేని మనిషిని ఏఐ ముందే కనిపెట్టేస్తుందని ఈమధ్య తెగ చదువుతున్నాను. గొంతు వింటే డిప్రెషన్ ఉందో లేదో చెప్పేస్తుందట, ఫోన్ మీద వేళ్ళు కదిలే తీరు చూసి చెప్పేస్తుందట, రాత్రిళ్ళు ఎవరు ఏం రాస్తున్నారో చూసి ఎవరి ప్రాణానికి ముప్పుందో పసిగట్టేస్తుందట. నిజమో కాదో తర్వాత చూద్దాం. ముందు నాకో సందేహం, అసలు కనిపెట్టడం ఎవరికి కావాలి? మా ఊళ్ళో ఎవరింట్లో ఎవరికి బాగోలేదో వీధంతటికీ తెలుసు. కోడలు ఎన్నాళ్ళ నుంచి గది దాటి రావడం లేదో, పొలం పోయాక ఆయన ఎవరెవరితో మాట్లాడటం మానేశాడో, చెప్పడానికి యంత్రం అక్కర్లేదు, కుళాయి దగ్గర నిలబడితే చాలు. తెలిసిన తర్వాత ఏం జరుగుతోంది అన్నదే అసలు గొడవ. డబ్బూ తెలివీ మాత్రం మొదటిదాని మీదే పోస్తున్నారు, రెండోదాని వైపు చూసేవాళ్ళు తక్కువ. నా గోల అంతా ఇదే, మిగతాది దీనికి సాక్ష్యం అనుకోండి.

నాది మందుల షాపు, గజపతి జిల్లా పర్లాకిమిడిలో. మ్యాపులో ఒడిశా, నాలుగడుగులు వేస్తే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. కౌంటర్ దగ్గర తెలుగూ ఒడియా ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి, కొండల మీంచి సంతకి దిగేవాళ్ళతో కొంత సవర కూడా. డాక్టరు చీటీ మాత్రం ఇంగ్లీషు.

మానసిక జబ్బుకి మందు కావాలని నన్ను అడిగినవాళ్ళు దాదాపు లేరు. "నిద్దరట్టట్లేదు బాబూ, ఏటైనా ఉంటే ఇయ్యి" అంటారు. గుండె దడ అంటారు, ఒళ్ళంతా మంటలంటారు, నరాల వీక్‌నెస్ అంటారు. ఆ ముందు వారం చిల్లంగి, అంటే చేతబడి, అనుకుని ఎవరి చేతో తాయెత్తు కట్టించుకుని ఉంటారు, అది మెడలో కనబడుతూనే ఉంటుంది. చీటీ లేకుండా నిద్రబిళ్ళ ఇవ్వనంటే కోపం. ఆల్ప్రాజోలం అనే నిద్రబిళ్ళ షెడ్యూల్ హెచ్1లో, అంటే గట్టి కట్టడి ఉన్న మందుల జాబితాలో, ఉంది, 2014 నుంచి దానికి వేరే రిజిస్టరు పెట్టాలి, రాసిన డాక్టరు పేరు, కొన్న మనిషి పేరు, ఎన్ని ఇచ్చామో రాసి మూడేళ్ళు దాచాలి. అన్ని షాపులూ అలా చేస్తాయా అని అడక్కండి, సమాధానం మీకూ తెలుసు.

బాగా ముదిరాక ఇంట్లోవాళ్ళు బయల్దేరదీస్తారు. బరంపురంలో మెడికల్ కాలేజీ ఉంది, కొందరు అటు. తెలుగు మాట్లాడే డాక్టరే కావాలనుకున్నవాళ్ళు శ్రీకాకుళం, లేదంటే విశాఖ. అందులోనూ విశాఖలోని చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తితే ఇంట్లో ఏడుపులు, ఎందుకంటే మా వైపు ఎవర్నైనా వెక్కిరించాలంటే "వాల్తేరు పంపాలి వీణ్ణి" అనడం అలవాటు. అలా వెళ్ళొచ్చి నాకు చీటీ ఇస్తారు. చాలాసార్లు అందులో రెండు మందులుంటాయి. ఒకటి డిప్రెషన్‌కి వాడే ఎస్సిటాలోప్రామో సెర్ట్రలీనో, ఇంకోటి కొద్ది రోజులకి మాత్రమే రాసిన నిద్రబిళ్ళ.

ఈ రెండు మందుల కథ తెలిస్తే సగం విషయం తెలిసినట్టే. నిద్రబిళ్ళ వేసుకున్న గంటలోపే పనిచేస్తుంది, అందుకే దానికి అలవాటు పడతారు, పడ్డాక హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. మొదటిది పనిచేయడం మొదలవ్వడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారంలో వికారం, కడుపులో తిప్పడం లాంటివి మాత్రం వెంటనే వస్తాయి. అంటే మేలు చేసేది ముందు బాధపెడుతుంది, అలవాటయ్యేది ముందు సుఖపెడుతుంది. బాగయ్యాక కూడా ఇంకో ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, వాడాలి. ఈ మాటలు రోగికి తన భాషలో, తీరిగ్గా, ఎవరైనా చెప్పారా? ఓపీలో వంద మంది క్యూలో ఉన్న డాక్టరు చెప్పలేడు, ఆయన్ని తిట్టి లాభం లేదు. కాబట్టి రెండో నెల ఏం జరుగుతుందంటే, చీటీ రాదు. వచ్చినా "ఆ తెల్లబిళ్ళ వద్దు బాబూ, నిద్దర బిళ్ళొక్కటీ ఇయ్యి" అంటారు. మానేసినవాళ్ళలో కొంతమందిని ఏడాది తిరక్కుండానే మళ్ళీ ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్ళడం చూస్తాం.

సరిహద్దు ఉండటం వల్ల ఇంకో మెలిక. పాతపట్నం వాళ్ళు ఈ మందులు అక్కడ కొనరు, తెలిసినవాళ్ళు చూస్తారని ఇక్కడికొస్తారు. మా ఊరివాళ్ళు అదే భయంతో అక్కడికి పోతారు. గుణుపురం నుంచి పాసింజరు ఎక్కి వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఒక మనిషి పరీక్ష ఆంధ్రాలో, మందు ఒడిశాలో, ఆధార్ ఒకచోట, పుట్టిల్లు ఇంకోచోట. ఏ ప్రభుత్వ కంప్యూటర్లోనూ ఈ మనిషి జబ్బు మొత్తం ఒకచోట కనబడదు. ఏఐ నేర్చుకునేదేమో రికార్డుల నుంచి. రికార్డులనే తప్పించుకు తిరిగే జనం గురించి అదేం నేర్చుకుంటుంది?

ఇక పరిశోధనల సంగతి. కాలేజీలో ఫార్మసీ చదివిన అలవాటు కొద్దీ దొరికినవి చదువుతుంటాను.

ఆత్మహత్యని ముందే ఊహించడం మీద 50 ఏళ్ళలో వచ్చిన 365 అధ్యయనాలను కలిపి 2017లో ఫ్రాంక్లిన్ అనే పరిశోధకుడి బృందం లెక్క తీసింది. మనం ప్రమాద సంకేతాలు అనుకునేవన్నీ, పాత ప్రయత్నాలు, డిప్రెషన్, నిరాశ, ఏదీ బొమ్మా బొరుసూ వెయ్యడం కంటే పెద్దగా మెరుగ్గా చెప్పలేకపోయింది. నిజాయితీగా చెప్పాలంటే ఆ పరిశోధకులే ఇక మెషీన్ లెర్నింగ్ వైపు, అంటే పాత డేటా నుంచి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి వైపు, వెళ్ళాలని సలహా ఇచ్చారు. వెళ్ళారు. 2019లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో, అలా నేర్చుకుని ముందే చెప్పే ప్రోగ్రాముల (మోడళ్ళ) మీద సమీక్ష వచ్చింది. పైకి చూస్తే మార్కులు బాగానే ఉన్నాయి, కానీ ఆత్మహత్యతో చనిపోతారని మోడల్ వేలెత్తి చూపినవాళ్ళలో నిజంగా అలా జరిగింది చాలా మోడళ్ళలో నూటికి ఒకరు, లేదా అంతకంటే తక్కువ.

ఇదెందుకో కాగితం మీద మనమే వేసి చూడొచ్చు. మన దేశంలో నేరాల లెక్కలు రాసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2022 లెక్క ప్రకారం లక్షకి ఏడాదిలో 12 మంది దాకా ఇలా చనిపోతున్నారు. లక్షమంది ఉన్న ఊరు అనుకుందాం (మాది అంతకంటే చిన్నది). నూటికి తొంభైసార్లు కరెక్టుగా చెప్పే యంత్రం తెచ్చాం. ఆ 12 మందిలో 11 మందిని పట్టుకుంటుంది, శభాష్. కానీ మిగతావాళ్ళలో నూటికి పదిమందిని పొరపాటున చూపిస్తుంది కదా, అంటే ఇంకో పదివేలమంది. ఆ జాబితా పట్టుకుని ఎవరింటికి వెళ్తారు? ఎవరు వెళ్తారు? ఇది యంత్రం చెడ్డది కావడం వల్ల వచ్చింది కాదు, అరుదుగా జరిగేదాన్ని వెతికే ఏ పద్ధతికైనా ఇదే తిప్పలు. డెమోలో ఈ లెక్క చూపించరు, తొంభై మాత్రమే చూపిస్తారు.

నన్ను ఇంకా ఎక్కువ ఆలోచనలో పడేసింది 2024 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన పేపరు. స్కిజోఫ్రీనియా మందులు ఎవరికి పనిచేస్తాయో ముందే చెప్పే మోడళ్ళు తయారుచేసి, చెక్రౌడ్ బృందం వాటిని ఐదు వేరువేరు ట్రయల్స్ (రోగుల మీద మందులు పరీక్షించిన అధ్యయనాలు) మీద పరీక్షించింది. ఏ ట్రయల్ డేటాతో నేర్పారో ఆ ట్రయల్‌లో మోడల్ బ్రహ్మాండంగా చెప్పింది. పక్క ట్రయల్‌లోకి తీసుకెళ్ళగానే గుడ్డి ఊహ కంటే మెరుగు లేదు. జబ్బు అదే, మందుల రకం అవే, రోగులే వేరు. పద్ధతి ప్రకారం, జాగ్రత్తగా ఎంపిక చేసిన రోగులతో జరిగిన ట్రయల్స్ మధ్యే మోడల్ గట్టు దాటలేకపోతే, అక్కడెక్కడో అమెరికా కాలేజీ పిల్లల ఇంగ్లీషు మాటలు విని నేర్చుకున్నది మా గట్టు దాటి, "ఒళ్ళు మంటలు" అనే ఆడమనిషి దగ్గర పనిచేస్తుందని నమ్మమంటే ఎలా? ప్రపంచమంతా డిప్రెషన్ కొలవడానికి వాడే పీహెచ్‌క్యూ-9 అనే కాగితం ఉంది, 2001 నాటిది, తొమ్మిది ప్రశ్నలు. అందులో నిద్ర ఉంది, నీరసం ఉంది. మంటలు లేవు, గుండె దడ లేదు.

మనవాళ్ళ లెక్కలు మన దగ్గరైనా ఉన్నాయా అంటే, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. ఇప్పటికీ అందరూ ఎత్తి చూపేది దాన్నే. రకరకాల మానసిక జబ్బుల్లో వైద్యం అందనివాళ్ళు నూటికి 70 నుంచి 92 మంది అని తేల్చింది అదే. మంచి పని, కాదనను. అందులో 12 రాష్ట్రాలున్నాయి. పక్కన ఛత్తీస్‌గఢ్ ఉంది. ఒడిశా లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు, మహారాష్ట్ర కూడా లేదు. ఇటు మా కొండల నుంచి అటు మహారాష్ట్రలోని సిరోంచ, దెగ్లూరు దాకా సరిహద్దుల్లో బతికే తెలుగువాళ్ళలో, ఛత్తీస్‌గఢ్ వైపువాళ్ళని తీసేస్తే, ఒక్కరి రాష్ట్రం కూడా ఆ లెక్కలో లేదన్నమాట. లెక్కలో లేనివాళ్ళ మీద కొత్త యంత్రాన్ని ప్రయోగించడానికి మాత్రం ముందుంటాం.

అలాగని చాట్‌బాట్‌లు పనికిరావని కొట్టిపారేసే రకాన్ని కాను. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ వాళ్ళు థెరబాట్ అనే దాన్ని 210 మంది మీద పరీక్షించి 2025లో ఫలితాలు ఇచ్చారు. నాలుగు వారాల వాడకం, ఆ తర్వాత చూస్తే డిప్రెషన్ ఉన్నవాళ్ళలో లక్షణాలు సగటున 51 శాతం తగ్గాయట. చిన్న విషయం కాదు. అయితే పోల్చింది ఏ చికిత్సా లేకుండా ఎదురుచూస్తున్నవాళ్ళతో, మనిషి చేసే చికిత్సతో కాదు. పైగా ఆ సంభాషణలను వెనకాల మనుషులు గమనిస్తూ ఉన్నారు, ప్రమాదం అనిపిస్తే అందుకోవడానికి. ఈ ముక్క వార్తల్లో చివరి పేరాలోకి పోతుంది, మా ఊరికొచ్చే యాప్‌లోంచి పూర్తిగా మాయమవుతుంది.

కుర్రాళ్ళు రాత్రిపూట ఫోన్‌తో ఎందుకు మాట్లాడుకుంటున్నారో నాకు బాగానే అర్థమవుతుంది. ఫోను వీధిలో చెప్పదు. పక్క ఊరికి పోయి మందు కొనే జనానికి ఇంతకంటే సుఖం ఏముంది. కానీ వీధికి చెప్పనిది కంపెనీకి చెబుతోంది. ఫిన్‌లాండ్‌లో "వస్తామో" (Vastaamo) అనే కౌన్సెలింగ్ సంస్థ రికార్డులు హ్యాకర్ల చేతిలో పడి, 2020లో వేలమంది రోగులకు విడివిడిగా బెదిరింపులు వెళ్ళాయి, డబ్బు కట్టకపోతే నువ్వు డాక్టరుకి చెప్పుకున్నదంతా బయటపెడతామని. అక్కడే అలా అయితే ఇక్కడ పెళ్ళి సంబంధాల దగ్గర అలాంటి ఒక్క ఫైలు ఏం చేస్తుందో నేను చెప్పక్కర్లేదు.

ఆ మధ్య ఒక కంపెనీ తరఫున ఓ కుర్రాడు షాపుకొచ్చాడు, మంచివాడే, కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ పోస్టరు పెట్టుకోమన్నాడు. స్కాన్ చేస్తే ఫోను ప్రశ్నలడిగి స్కోరు చెబుతుంది. తెలుగు ఉందా అంటే ఉంది, గూగుల్ ట్రాన్స్‌లేట్ తెలుగు. స్కోరు ఎక్కువొస్తే ఏం జరుగుతుందని అడిగాను. "డ్యాష్‌బోర్డులో ఎర్రగా కనిపిస్తుంది సార్" అన్నాడు. ఎవరి డ్యాష్‌బోర్డు? "మా హెడ్డాఫీసుది." ఆ తర్వాత? "దగ్గర్లోని సైకియాట్రిస్టుని కలవమని మెసేజ్ వెళ్తుంది." దగ్గర్లో అంటే ఎక్కడో అతనికీ తెలుసు, నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. నీకు జబ్బుందని చెప్పి అక్కడే వదిలేసిపోవడం సాయం ఎలా అవుతుంది? చెప్పించుకున్నవాడికి టెన్షన్ ఒకటి అదనం.

మరి పనిచేసింది ఏదీ లేదా అంటే ఉంది, పైగా మన దగ్గరే. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఎక్కువగా ఉన్నవాళ్ళతో ఆరు నుంచి ఎనిమిదిసార్లు కూర్చోబెట్టారు. 495 మంది ఉన్న ట్రయల్, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మూడు నెలలకి అలా మాట్లాడించినవాళ్ళలో నూటికి 64 మంది తేరుకుంటే, మామూలు వైద్యం అందినవాళ్ళలో 39 మంది. ఇంకోటి ఇంకా దగ్గర, మన పశ్చిమ గోదావరిలో. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు స్మార్ట్ మెంటల్ హెల్త్ అని ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చారు. ఆశా ఇంటికెళ్ళి ప్రశ్నలడుగుతుంది, అవసరమైనవాళ్ళను పీహెచ్‌సీ డాక్టరుకి చూపిస్తుంది, ఏం చెయ్యాలో డాక్టరుకి ట్యాబే దారి చూపిస్తుంది, ఆ తర్వాత ఆశా మళ్ళీ అదే ఇంటికి వెళ్తుంది. వెళ్ళి మందు వేసుకుంటున్నావా, డాక్టరు దగ్గరికి వెళ్ళావా అని అడుగుతుంది. ముందు ఏజెన్సీ గ్రామాల్లోనూ మైదానంలోనూ చిన్నగా చేసి, తర్వాత హర్యానాలోనూ కలిపి పెద్ద ట్రయల్‌గా చేశారు, మామూలు పద్ధతి కంటే డిప్రెషన్ ఎక్కువ తగ్గింది. ఇందులోనూ సాఫ్ట్‌వేర్ ఉంది, చూశారా? నా గొడవ సాఫ్ట్‌వేర్‌తో కాదు. ఇక్కడ అది గుమ్మం ఎక్కే మనిషి చేతిలో ఉంది, రెండోసారి ఎప్పుడు వెళ్ళాలో ఆవిడకి గుర్తు చేస్తుంది. జబ్బు పేరు చెప్పి చేతులు దులుపుకోవడం లేదు.

మా వైపు పెద్ద అడ్డంకి భాష. ఈ ఊళ్ళో ఉంటూనే గిడుగు రామమూర్తిగారు సవరలని ఇంట్లో పెట్టుకుని భోజనం పెట్టి వాళ్ళ మాట నేర్చుకున్నారు, ఆ తర్వాతే వాచకాలూ నిఘంటువూ రాశారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు, సవరలు మాత్రం ఇక్కడే ఉన్నారు. ఈరోజుకీ సవర ఆవిడ జబ్బు సంగతి డాక్టరుకి చెప్పాలంటే కొడుకు ఒడియాలోకి మారుస్తాడు, డాక్టరు ఇంగ్లీషులో రాసుకుంటాడు. కొడుకు ఎదుట తల్లి ఏం చెబుతుంది, ఏం చెప్పదు, ఆలోచించండి. ఏఐ నిజంగా ఉపకారం చెయ్యగలిగిన చోటు ఇక్కడుంది. ఆవిడ మాటని మధ్యలో ఎవరూ లేకుండా డాక్టరుకి వినిపించగలిగితే, డాక్టరు టైపు కొట్టుకోవడం మాని ఆవిడ మొహం చూస్తూ మాట్లాడగలిగితే, ఆ యంత్రానికి నేనే దండ వేస్తాను. కానీ దానికి ఇక్కడికొచ్చి, ఇక్కడి గొంతులతో, వాళ్ళు ఒప్పుకున్నాకే, పరీక్ష పెట్టాలి. తప్పు అనువాదం వల్ల మందు మోతాదు మారితే ఎవరు జవాబుదారో ముందే రాసి ఇవ్వాలి.

ప్రభుత్వం వైపు నుంచి ఉన్నదాన్ని వదిలేసి మాట్లాడకూడదు కాబట్టి, టెలిమానస్ అనే మానసిక సాయం ఫోను లైను ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది, నంబరు 14416, ఏ వేళైనా ఎత్తుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. నేను మందుల కవర్ మీద పెన్నుతో రాసిస్తుంటాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యం ప్రతివాడి హక్కు అంది, అందుబాటులో ఉండే దూరంలో అంది. చట్టం చదివితే కడుపు నిండుతుంది. పీహెచ్‌సీలో ఈ నెల ఆ బిళ్ళలు స్టాకు ఉన్నాయా అని అడిగితే మళ్ళీ ఖాళీ అవుతుంది.

కాబట్టి ఎవరైనా పరిశోధనకని మా జిల్లాల వైపు వస్తే నేనిచ్చే సలహా ఒక్కటే, రెండో నెల మీద చెయ్యండి. మందు ఎవరు మానేశారో కనుక్కోవడానికి గొంతు విశ్లేషణ అక్కర్లేదు, మా రిజిస్టర్లూ బిల్లు పుస్తకాలూ చాలు, వాటిలో మోడల్ అవసరం లేనంత స్పష్టంగా కనబడుతుంది. కొనేవాళ్ళే ఒప్పుకుంటే, రెండు రాష్ట్రాల షాపుల మధ్య ఆ సమాచారం కలిపి, నెల దాటి వారమైనా రానివాళ్ళకి ఆశా చేతో కౌన్సెలర్ చేతో ఫోను చేయించొచ్చు. ఒప్పుకోనివాళ్ళ పేరు అందులో ఉండకూడదు, అది గట్టిగా ఉండాలి.

అయితే ఇక్కడా ఒక చిక్కుంది, ఏ ఇంజినీరూ దీని గురించి అడగడం నేను వినలేదు. మా దగ్గర మందు కొనే ఆడవాళ్ళలో చాలామందికి సొంత ఫోను ఉండదు, ఇచ్చే నంబరు భర్తదో మరిదిదో. ఆవిడేమో ఇంట్లో చెప్పకుండా, బీపీ మందులని చెప్పి తెచ్చుకుంటోంది. ఫోను ఆయన ఎత్తితే అవతలివాళ్ళు ఏం చెప్పాలి? బీపీ మందు అయిపోయిందేమో కనుక్కుందామని చేశాం అనాలా, పెట్టేయాలా, మళ్ళీ చెయ్యాలా? ఫోనే వద్దు, ఆశా వేరే పని మీద వచ్చినట్టు వెళ్తే చాలు అని మా ఆవిడ అంటుంది, తను చెప్పిందే సరైందేమో. కానీ ఆశాలకి ఇచ్చేది పనికింత అని లెక్కగట్టి ఇచ్చే డబ్బు, వేరే పని మీద వచ్చినట్టు నటించే ఆ నడకకి ఏ పద్దు కింద ఇస్తారో మరి.